రైడ్ ఎక్కేముందు: జెయింట్ వీల్, రోలర్ కోస్టర్, వాటర్ స్లైడ్ల భద్రతపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక పార్కులో రైడ్ ఆపరేటర్‌గా చేరి, తర్వాత సూపర్‌వైజర్‌నై, మొత్తం తొమ్మిదేళ్లు పనిచేశాను. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను. అయినా సంక్రాంతి సెలవులకీ ఎండాకాలం సెలవులకీ చుట్టాలు, పాత స్నేహితులు, మా వీధిలోవాళ్లు ఫోన్ చేస్తూనే ఉంటారు. "పిల్లల్ని తీసుకెళ్తున్నాం, ఏమేం చూసుకోవాలి?" అని. ఒక్కొక్కరికీ చెప్పేదంతా ఒకచోట రాసిపెట్టాను. చట్టం గురించి రాసింది స్థూలంగా తెలుసుకోవడానికి మాత్రమే. మీ సొంత కేసుంటే లాయర్‌ని కలవండి.

అసలు ఈ రైడ్లు ఎక్కొచ్చా, వద్దా?

ఎక్కొచ్చు. నా పిల్లల్ని నేనే తీసుకెళ్తాను. కాకపోతే మనం "రైడ్" అనే ఒక్క మాటతో రెండు వేర్వేరు లోకాలను పిలుస్తున్నాం.

ఒకటి శాశ్వతంగా కట్టిన పార్కు. హైదరాబాద్ శివారు రావిర్యాలలో 2016లో తెరిచిన వండర్‌లా లాంటిది. అక్కడ రైడ్ కాంక్రీటు పునాది మీద కదలకుండా ఉంటుంది. ఇలాంటి చోట్ల రోజూ పొద్దున గేటు తెరవకముందే మెకానిక్‌లు ఒక్కో బోల్టు, ఒక్కో చక్రం, ఒక్కో లాక్ చూస్తారు. జనం లేకుండా ఖాళీగా కొన్ని రౌండ్లు తిప్పుతారు. చెక్‌లిస్టు మీద సంతకం పడ్డాకే టికెట్.

రెండోది ఊరూరా తిరిగే ఎగ్జిబిషన్, జాతర, తిరునాళ్లు. ఆ జెయింట్ వీల్, ఆ కొలంబస్, ఆ బ్రేక్ డ్యాన్స్ మొన్నటిదాకా ఇంకో ఊళ్లో ఉన్నాయి. ముక్కలు ముక్కలుగా విప్పి, లారీల్లో ఎక్కించి, ఇక్కడ మళ్లీ బిగించారు. నేల మారింది, కరెంటు లైన్ మారింది, విప్పిన ప్రతి బోల్టూ మళ్లీ బిగించాల్సి వచ్చింది. ప్రమాదం ఎక్కువగా ఆ "మళ్లీ"లోనే ఉంటుంది. ఆ పనివాళ్లకు పని రాదని అనడం లేదు. వాళ్లలో నాకన్నా చేతిపని తెలిసినవాళ్లను చూశాను. వాళ్లకు దొరకనిది టైము.

అలాగని పక్కా పార్కు కనిపించగానే ధైర్యం తెచ్చుకోకండి. 2019 జులైలో అహ్మదాబాద్‌లో కాంకరియా చెరువు దగ్గర లోలకంలా ఊగే రైడ్ విరిగి పడి ప్రాణాలు పోయాయి. అది జాతరలో నిలబెట్టింది కాదు, ఏళ్ల తరబడి ఉన్న పార్కులోది.

రోలర్ కోస్టర్ పట్టాల మీద నుంచి ఎగిరిపోదా?

ఇది అడగనివాళ్లు లేరు. బండికి చక్రాలు పట్టా పైన మాత్రమే ఉండవు. పైన ఒక జత, పక్కన ఒక జత, కింద నుంచి పట్టాను పట్టుకునేది ఇంకో జత ఉంటాయి. మీరు పిడికిలి బిగించి కడ్డీని పట్టుకుంటారు చూడండి, అలా పట్టుకుని ఉంటుంది. అందుకే తలకిందులైనా ఊడదు.

చాలా కోస్టర్లలో పైకి లాగేటప్పుడు టకటకమని శబ్దం వస్తుంది. అది వినగానే చాలామంది కళ్లు మూసుకుంటారు. నిజానికి ఆ శబ్దమే ధైర్యం. గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా పళ్లలో పడుతున్న కొక్కెం చప్పుడది. బ్రేకులు కూడా లారీ ఎయిర్ బ్రేకుల్లాంటివే. గాలి ఉంటే విడుస్తాయి, కరెంటో గాలో పోతే వాటంతటవే పట్టేస్తాయి. పట్టాను భాగాలుగా విడగొట్టి, ముందు భాగం ఖాళీ అయితే తప్ప వెనక బండిని కంప్యూటర్ వదలదు.

మరి ప్రమాదాలు ఎందుకు జరుగుతున్నాయి? ఇంగ్లండ్‌లో ఆల్టన్ టవర్స్ పార్కులో 2015 జూన్‌లో జరిగింది చూడండి. స్మైలర్ అనే కోస్టర్‌లో ఒక ఖాళీ బండి పట్టా మధ్యలో ఆగిపోయింది. కంప్యూటర్ సరిగ్గానే పసిగట్టి వెనక బండిని ఆపేసింది. పట్టా మీద ఏమీ లేదని ఇంజనీర్లు పొరబడి, ఆ ఆపడాన్ని తప్పించి బండిని వదిలారు. రెండూ గుద్దుకున్నాయి. ఇద్దరు అమ్మాయిలకు కాలు తీసేయాల్సి వచ్చింది. కోర్టు ఆ కంపెనీకి 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. యంత్రం ఆగమంది, మనిషి ఆగలేదు. నా తొమ్మిదేళ్లలో నేను భయపడిందీ ఇలాంటివాటికే. యంత్రం ఎందుకు ఆగిందో తెలుసుకోకుండా దాన్ని మళ్లీ నడపాలన్న తొందర మనుషులకు ఎప్పుడూ ఉంటుంది.

మా బాబు ఎత్తు ఒక్క అంగుళమే తక్కువ. దానికే ఎక్కించుకోరా?

ఎక్కించుకోరు. ఎక్కించుకోకూడదు.

దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నా ఉద్యోగంలో రోజూ జరిగిన గొడవ ఇదే. ఒక ఆదివారం ఒకాయన కొడుకుతో వచ్చాడు. బోర్డు దగ్గర పిల్లాడు సరిగ్గా గీత దాకా వచ్చాడు. కానీ నడక తేడాగా ఉంది. బూట్లు విప్పించాను. ఒక్కో బూటులో మడత పెట్టిన రెండేసి జేబురుమాళ్లు ఉన్నాయి. తండ్రికి కోపం వచ్చింది. "నేను పక్కన కూర్చుని పట్టుకుంటాగా, నా కొడుకు బాధ్యత నాది" అన్నాడు.

వాదించకుండా ఆగి ఉన్న బండిలోనే ఇద్దరినీ కూర్చోబెట్టాను. ఇద్దరికీ కలిపి ఒకటే బార్. దాన్ని కిందికి దించాను. తండ్రి తొడలకు తగిలి ఆగిపోయింది. పిల్లాడి తొడలకూ బార్‌కూ మధ్య ఖాళీలో నా పిడికిలి పెట్టి చూపించాను. హాయిగా పట్టింది. బండి గుట్టలాంటి మలుపు దాటేటప్పుడు ఒళ్లు సీటు మీద నుంచి లేస్తుంది. పొట్టలో తిరిగినట్టు అనిపించేది అందుకే. ఆ క్షణంలో పెద్దవాళ్లను బార్ ఆపుతుంది. ఈ పిల్లాడిని ఆపేది ఏదీ లేదు. తండ్రి చెయ్యి ఆపదా అంటే, ఆపలేదు. తిప్పిన బిందెలో నీళ్లు ఒకవైపుకు కొట్టుకున్నట్టు బరువు ఒక్కసారిగా ఇటు నుంచి అటు మారుతుంది. అప్పుడు పాతిక కిలోల పిల్లాడు చేతిలో నిలవడు.

ఆయన చాలాసేపు ఆ ఖాళీ వంకే చూసి దిగిపోయాడు.

ఆ గీత వయసుకో తెలివికో పెట్టింది కాదు. నడుము, తొడలు, భుజాలు లాక్ కిందికి సరిగ్గా వస్తాయా అనేదానికి ఎత్తు ఒక కొలత, అంతే. కొన్నింటికి 120 సెంటీమీటర్లు, కొన్నింటికి 140 ఉండేది ఒక్కో సీటు నిర్మాణాన్ని బట్టి. బూట్లలో గుడ్డలు పెట్టినా, మునివేళ్ల మీద నిలబెట్టినా, జుట్టు పైకి దువ్వినా మనం మోసం చేసేది ఆపరేటర్‌ని కాదు, ఆ సీటును. పైగా నియమం ఉన్నది దాటడానికే అని పిల్లాడికి మన చేత్తో మనమే నేర్పిస్తున్నాం.

నేను బాగా లావు. సీట్లో కూర్చున్నాక దింపేశారు, అవమానంగా అనిపించింది.

అర్థమవుతుంది. అందరి ముందూ దిగి నడిచి రావడం ఎంత కష్టమో దగ్గరుండి చూశాను. ఆ పని చేయాల్సి వచ్చిన ప్రతిసారీ నాకూ బాధగానే ఉండేది. కానీ మిమ్మల్ని దింపిన ఆపరేటర్ ఆ రోజు తన పని సరిగ్గా చేశాడు.

2022 మార్చిలో అమెరికాలో ఓర్లాండోలో ఎత్తు నుంచి కిందికి పడే ఒక టవర్ రైడ్ మీద 14 ఏళ్ల అబ్బాయి సీట్లోంచి జారి చనిపోయాడు. ఆ రైడ్ తయారీదారు పెట్టిన బరువు పరిమితి 130 కిలోలు. ఆ అబ్బాయి అంతకన్నా చాలా ఎక్కువ ఉన్నాడు. భుజాల మీదికి దిగే హార్నెస్ పూర్తిగా మూసుకోలేదు. అయినా లాక్ పడినట్టు దీపం వెలిగింది, ఎందుకంటే ఎక్కువ ఖాళీ ఉన్నా ఒప్పుకునేలా ఆ సీటు సెన్సర్‌ను ముందే మార్చి పెట్టారు. ఇందులో ఆ పిల్లాడి తప్పు గోరంత కూడా లేదు. కూర్చోమన్నారు, కూర్చున్నాడు. ఆ తర్వాత ఫ్లోరిడాలో చట్టం మార్చారు, ఆ టవర్‌ను కూల్చేశారు.

అందుకని చాలా పార్కుల్లో క్యూ మొదట్లో టెస్ట్ సీటు ఉంటుంది. ముందే అందులో కూర్చుని చూసుకుంటే అరగంట లైన్లో నిలబడి దిగే పని ఉండదు. లేకపోతే ఆపరేటర్‌ని పక్కకు పిలిచి అడగండి. సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదు. లాక్ "క్లిక్" మనడమే చాలదు, ఒంటికి ఆనుకోవాలి. ఆనుకోకపోతే మీరే చెయ్యెత్తండి.

ఇంతకీ మన బాధ్యత ఎంత, వాళ్ల బాధ్యత ఎంత?

లాక్ పడేదాకా మన చేతిలో కొంత ఉంది. లాక్ పడ్డాక దాదాపు ఏమీ లేదు. నేను దీన్ని ఇలాగే చూస్తాను.

బస్సులో డ్రైవర్ తప్పుగా నడుపుతుంటే అరుస్తాం, ఆపమంటాం, దిగిపోతాం. రైడ్‌లో అది కుదరదు. అందుకే ఎక్కే ముందటి ఆ పది నిమిషాలు చాలా విలువైనవి. బోర్డు చదవడం, మన ఆరోగ్యం సంగతి నిజంగా ఆలోచించుకోవడం, పిల్లల ఎత్తు నిజాయితీగా కొలిపించడం, వదులుగా ఉన్నవి తీసేయడం, అనుమానం ఉంటే ఎక్కకపోవడం, కూర్చున్నాక చెప్పినట్టు కూర్చోవడం. మన వంతు ఇంతే. దీన్ని వాళ్లు మనకోసం చేయలేరు.

బోల్టు, వెల్డింగ్, బేరింగ్, బ్రేక్, ఆపరేటర్‌కు శిక్షణ, ఆయన ఆ రోజు తాగి ఉన్నాడా లేదా అన్నది పూర్తిగా వాళ్ల వంతు. టికెట్ కొన్న మనిషి స్పానర్ పట్టుకుని రాడు కదా. ప్రమాదం జరిగిన ప్రతిసారీ "సెల్ఫీ తీసుకుంటున్నారు", "సరిగ్గా కూర్చోలేదు" అనే మాటలు ముందు వస్తాయి. కొన్నిసార్లు అది నిజం. కానీ చాలాసార్లు ఆ మాట బోల్టు గురించి అడగకుండా చేయడానికి పనికొస్తుంది.

అనంతపురంలో 2018 మేలో జెయింట్ వీల్ ట్రాలీ ఊడిపడి పదేళ్ల పాప చనిపోయింది. బోల్టు వదులైందని అంతకు కాసేపటి ముందే చెప్పినా ఆపరేటర్ పట్టించుకోలేదని అక్కడున్నవాళ్లు చెప్పారు. అంటే జనం తమ వంతు చేశారు. చూశారు, చెప్పారు. ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది: చెప్పి ఊరుకోకూడదు, ఆగేదాకా చెప్పాలి. పదిమంది కలిసి క్యూలోంచి బయటికి వస్తే ఏ ఆపరేటరైనా ఆపాల్సిందే.

ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ ఎక్కేముందు మాలాంటివాళ్లం ఏం చూడగలం? మేం ఇంజనీర్లం కాదు.

చాలానే చూడగలరు. ముందు ఎక్కకుండా ఒక రౌండ్ నిలబడి చూడండి. ఐదు నిమిషాలు చాలు.

కాళ్ల కింద చూడండి. చక్రం మోసే స్తంభాల కింద గట్టి దిమ్మలు సమంగా ఉన్నాయా, లేక ఇటుకలు, రాళ్లు, చెక్కముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చారా? ముందురోజు వాన పడిందా, నేల కుంగిందా? తిరుగుతున్నప్పుడు స్తంభాలు ఊగుతున్నాయా? తర్వాత చెవి పెట్టండి. సమంగా వచ్చే మోత పరవాలేదు. ప్రతి రౌండ్‌లో ఒకే చోట "టక్"మంటుంటే ఎక్కకండి. ఆపరేటర్ బరువును ఎదురెదురు పెట్టెల్లో సర్దుతున్నాడా, లేక ఒకవైపే నింపేస్తున్నాడా? స్టాప్ స్విచ్ దగ్గర మనిషి ఉన్నాడా, లేక టీ తాగడానికి వెళ్లి చిన్న కుర్రాడిని కూర్చోబెట్టాడా? కరెంటు వైర్లు నేల మీద నీళ్లలో పడి ఉన్నాయా?

చివరిగా, పెట్టెలో కూర్చోగానే తలుపు పిన్ను చూడండి. కొన్నేళ్ల కిందట ఒక తిరునాళ్లలో మా అమ్మాయితో ఎక్కాను. తలుపు గడియ జారకుండా అడ్డం పెట్టే పిన్ను ఉండాల్సిన రంధ్రంలో ఒక మేకు ఉంది. మామూలు మూడంగుళాల ఇనప మేకు, కొస వంచి, పైన చిన్న ప్లాస్టిక్ తాడు చుట్టారు. హెల్పర్‌ని అడిగితే "ఏం కాదన్నా, ఎప్పటి నుంచో అదే" అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. పదహారేళ్లు కూడా ఉండవు. అతనికి ఇచ్చింది ఆ మేకే.

దిగిపోయాం. డబ్బులు వెనక్కి ఇవ్వలేదు. అమ్మాయి దారంతా ఏడ్చింది. వెళ్తూ బందోబస్తులో ఉన్న కానిస్టేబుల్‌కి చెప్పాను. ఆయన వచ్చి చూసి, ఆ పెట్టెలో ఎవరినీ ఎక్కించొద్దని నిలబడి చెప్పాడు. మీరు కూడా పోలీసులకు చెప్పడానికి మొహమాటపడకండి. ఇలాంటి ప్రదర్శనలకు సాధారణంగా పోలీసు, అగ్నిమాపక, విద్యుత్ శాఖల అనుమతులు, ఇంజనీర్ల తనిఖీ ఉండాలి. ఆ కాగితాలు ఉన్నాయా అని నిర్వాహకులను అడగొచ్చు. రైడ్ల భద్రతకు మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన ప్రమాణం కూడా ఉంది, ఐఎస్ 15475. అడిగేవాళ్లు ఉన్నారని తెలిస్తే చూసేవాళ్లు పెరుగుతారు.

చున్నీ, జడ, చెప్పులు, ఫోన్ గురించి అంత గట్టిగా ఎందుకు చెప్తారు?

తిరిగే ఇరుసు బట్ట కొసనైనా జుట్టు పాయనైనా ఒకసారి పట్టుకుంటే రెప్పపాటులో చుట్టేస్తుంది. ఆపడానికి బటన్ నొక్కేలోపే అయిపోతుంది. 2020లో హైదరాబాద్ శివార్లలో గో కార్టింగ్ చేస్తున్న ఇంజనీరింగ్ విద్యార్థిని జుట్టు చక్రంలో చిక్కుకుని ప్రాణాలు పోయాయి. హెల్మెట్ పెట్టుకుంటే చాలనుకుంటాం. జుట్టు హెల్మెట్ కింద నుంచి వేలాడుతుంటే చాలదు. జడను మడిచి ముడి వేసి, రబ్బరు బ్యాండుతో కట్టి, డ్రెస్ లోపలికి దోపుకోవాలి. చున్నీ తీసి బ్యాగులో పెట్టాలి. నడుముకు కట్టుకోవడం కూడా వద్దు. చీరతో తిరిగే రైడ్లు ఎక్కేటప్పుడు కొంగు దోపుకోవాలి. గో కార్ట్ అయితే చీరతో అసలే వద్దు.

జేబులోంచి జారిన ఫోన్ మీ ఫోన్ మాత్రమే కాదు. కింద నిలబడ్డ వాళ్లకు అది పైనుంచి పడిన రాయి.

బీపీ ఉంది, షుగర్ ఉంది. గర్భిణిని. ఎక్కొచ్చా?

గర్భిణులు తిరిగేవి, కుదిపేవి, జారేవి ఏవీ ఎక్కకూడదు. మూడో నెలా ఏడో నెలా అని లెక్క లేదు. "నెమ్మదిగా తిప్పుతారులే" అనే మాట వినకండి.

గుండెజబ్బు, అదుపులో లేని బీపీ, మెడ నొప్పి, వెన్ను నొప్పి, మూర్ఛ, ఈమధ్య జరిగిన ఆపరేషన్ ఉన్నవాళ్లు పెద్ద రైడ్ల జోలికి వెళ్లకూడదు. రక్తం పలచబడే మందులు వాడే పెద్దవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలి. షుగర్ ఉన్నవాళ్లు ఎండలో క్యూలో గంటలు నిలబడి, తినే టైము తప్పి కళ్లు తిరిగి పడిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. జేబులో చాక్లెట్, చేతిలో నీళ్ల సీసా ఉంచుకోండి. ఎవరైనా సరే, బిర్యానీ తిన్న వెంటనే కొలంబస్ ఎక్కొద్దు. మందు తాగినవాళ్లు ఏదీ ఎక్కొద్దు.

దిగాక తలనొప్పి రోజుల తరబడి తగ్గకపోతే, వాంతులు అవుతుంటే, చూపు మసకగా ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లి రైడ్ ఎక్కిన సంగతి తప్పకుండా చెప్పండి.

నాకు భయం. ఫ్రెండ్స్ వదలరు.

ఎక్కకండి. క్యూ చివరిదాకా వెళ్లి, సీట్లో కూర్చుని కూడా "దిగుతాను" అనొచ్చు. బండి కదలకముందు ఆ మాట అన్నవాళ్లను దించకుండా పంపిన ఆపరేటర్ తప్పు చేసినట్టే. మేం రోజుకు పదిమందినైనా దించేవాళ్లం.

భయంతో బలవంతంగా ఎక్కినవాళ్లే మధ్యలో లేవబోతారు, లాక్ పీకుతారు, పక్కవాళ్లను పట్టి లాగుతారు. కాబట్టి స్నేహితుడిని తోసి ఎక్కించడం సరదా కాదు, ఆ బండిలో ఉన్న అందరికీ ప్రమాదం. చిన్నపిల్లల విషయంలోనూ అంతే. ఏడుస్తున్న పాపను "ఒక్కసారి ఎక్కితే భయం పోతుంది" అని ఒళ్లో కుదేసుకుని ఎక్కే నాన్నల్ని చూశాను. ఆ భయం పోలేదు, ఇంకా గట్టిపడింది.

మధ్యలో ఆగిపోతే ఏం చేయాలి?

కూర్చోవాలి. కష్టమే, అయినా కూర్చోవాలి.

2025 జనవరిలో హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ (నుమాయిష్)లో ఒక రైడ్ సాంకేతిక లోపంతో పైనే ఆగిపోయి, ఎక్కినవాళ్లు దాదాపు 25 నిమిషాలు తలకిందులుగా వేలాడారు. అక్కడ వాళ్లను కాపాడింది వాళ్ల ఒంటి మీద ఉన్న లాక్. ఆగిపోయింది అంటే చాలాసార్లు యంత్రం తనంతట తాను జాగ్రత్తపడింది అని అర్థం. ఆగిన రైడ్ కన్నా ఆగిన రైడ్‌లోంచి దూకడం ఎక్కువ ప్రమాదం. అది ఏ క్షణంలోనైనా కదలొచ్చు.

తలను సీటుకు ఆనించండి. నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. పక్కనున్న పిల్లలతో మాట్లాడుతూ ఉండండి. మీకు గుండెజబ్బో ఆయాసమో ఉంటే గట్టిగా అరిచి కింద ఉన్నవాళ్లకు చెప్పండి, ముందు మిమ్మల్ని దించుతారు. కింద నిలబడ్డ బంధువులు ఆపరేటర్ మీద పడి కొట్టకండి. లాక్ తీయడం తెలిసింది అక్కడ అతనికే.

వాటర్ పార్కులో ఏం జాగ్రత్తలు?

నాకు రైడ్లకన్నా నీళ్లంటేనే ఎక్కువ భయం. ఎందుకంటే మునిగిపోయే మనిషి అరవడు. చేతులు ఊపడు. నోరు నీటి మట్టానికి అటూఇటూ ఊగుతూ, మెట్లు ఎక్కుతున్నట్టు కాళ్లాడిస్తూ, అర నిమిషం, ఒక నిమిషంలో కిందికి పోతాడు. పక్కనే డాన్స్ చేస్తున్నవాళ్లకు కూడా తెలియదు. వేవ్ పూల్‌లో సైరన్ మోగి అలలు మొదలవగానే జనం లోతుకు పరుగెత్తుతారు. అప్పుడు పిల్లల్ని చేతికందేంత దూరంలో ఉంచుకోండి. కనుచూపు మేరలో ఉంటే చాలదు. ఫోన్ లాకర్లో పెట్టండి. లైఫ్‌గార్డు ఉన్నాడుగా అనుకోవద్దు. అతను వందల తలలు చూడాలి, మీకు చూడాల్సింది ఒకటో రెండో.

స్లైడ్ మీద వెల్లకిలా పడుకుని, చేతులు ఛాతీ మీద, కాళ్లు మడమల దగ్గర ఒకదాని మీద ఒకటి. తల ముందుగా జారొద్దు. ముందువాళ్లు కింద పక్కకు తప్పుకున్నాక, గార్డు చెయ్యి ఊపాకే కదలండి. స్లైడ్ల మీద దెబ్బలు తగిలేది ఎక్కువగా ఒకరి మీద ఒకరు పడినప్పుడే. కింద పడ్డాక అక్కడే నిలబడి నవ్వుకోకుండా వెంటనే తప్పుకోండి.

నైలాన్ డ్రెస్సే వేసుకోమంటే డబ్బుల కోసం అనుకుంటారు. కాటన్ బట్ట నీళ్లు పీల్చి బరువెక్కి లాగుతుంది, జీన్స్ జిప్పులు స్లైడ్‌ను గీసి వెనక వచ్చేవాళ్ల వీపు చీరుతాయి. నైలాన్ మీ ఇంట్లో ఉంటే అదే తెచ్చుకోవచ్చా అని ముందే అడగండి.

టికెట్ వెనక "మీ సొంత పూచీ మీద ఎక్కండి" అని ఉంటుంది. ప్రమాదం జరిగితే ఇక అంతేనా?

కాదు. ఆ వాక్యం చూసి చాలామంది కేసే వేయరు. వేయాలి.

ఈ వాదన పాతది. 1929లో న్యూయార్క్‌లో ఒక కేసు వచ్చింది. కోనీ ఐలండ్‌లో కదిలే బెల్టు మీద నిలబడే ఒక ఆట ఉండేది. నిలబడినవాళ్లు పడిపోవడమే దాని సరదా. ఒక యువకుడు పడి మోకాలి చిప్ప విరగ్గొట్టుకున్నాడు. న్యాయమూర్తి బెంజమిన్ కార్డోజో అతని దావా ఒప్పుకోలేదు. పడటం కళ్ల ముందు కనిపిస్తూనే ఉంది, తెలిసే ఎక్కావు అన్నారు. దీన్ని పార్కుల తరఫువాళ్లు గుర్తుపెట్టుకుంటారు. కానీ అదే తీర్పులో ఇంకో మాట ఉంది. ప్రమాదం కంటికి కనిపించనిదైతే, లేదా జాగ్రత్తలు తీసుకునే ఉంటారని మనిషి నమ్మేంత పెద్దదైతే సంగతి వేరు అని. తుప్పు పట్టిన బోల్టు కంటికి కనిపించదు. దాన్ని ఒప్పుకుని ఎవరూ టికెట్ కొనరు.

మన సుప్రీంకోర్టు కూడా 2019లో తాజ్ మహల్ హోటల్ కేసులో ఇలాంటి మాటే చెప్పింది. అది రైడ్ల కేసు కాదు, హోటల్ సిబ్బందికి తాళం ఇచ్చిన కారు పోయిన కేసు. "యజమాని పూచీ" అని చీటీ మీద అచ్చు వేసినంత మాత్రాన హోటల్ తన నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేదని తేల్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయమైన ఒప్పందాలను సవాలు చేసే హక్కు కూడా ఇచ్చింది.

ఒకటి మాత్రం ఉంది. మీరు బోర్డు చూసి కూడా లాక్ తీసి నిలబడితే, పిల్లాడి ఎత్తు దాచితే, ఆ సంగతి మీకు వ్యతిరేకంగా వస్తుంది.

ప్రమాదం జరిగింది. మొదట ఏం చేయాలి?

108కి ఫోన్. ఎత్తు నుంచి పడిన మనిషిని చేతులూ కాళ్లూ పట్టి ఎత్తకండి, మెడ కదపకండి, నీళ్లు తాగించకండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టండి.

ఆ తర్వాత ఒకరు ఫొటోలు, వీడియో తీయాలి. రైడ్, సీటు, లాక్, విరిగిన భాగం, హెచ్చరిక బోర్డు ఉంటే బోర్డు, లేకపోతే లేని చోటు. మర్నాటికి అన్నీ సర్దేస్తారు. టికెట్ పారేయకండి. చూసినవాళ్ల నంబర్లు తీసుకోండి. నిర్వాహకులు ఆసుపత్రి ఖర్చు ఇస్తామని కాగితం మీద సంతకం పెట్టమంటే, చదవకుండా పెట్టకండి.

పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. నిర్లక్ష్యంతో గాయపరచడానికి భారతీయ న్యాయ సంహితలో 125, ప్రాణం తీయడానికి 106 సెక్షన్లు ఉన్నాయి. నష్టపరిహారానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లాలి. మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, పార్కు ఉన్న ఊరికి తిరగక్కర్లేదు. సలహాకు 1915 నంబరు ఉంది.

మేం న్యూజెర్సీలో ఉంటాం. అక్కడి నియమాలు వేరా?

వేరు. అక్కడ రైడ్ ఎక్కేవాళ్ల బాధ్యతలను చట్టంలోనే రాశారు. హెచ్చరికలు పాటించాలి, లాక్‌లతో ఆడకూడదు వంటివి. దెబ్బ తగిలితే 90 రోజుల్లోగా ఆ వివరాలన్నీ రైడ్ నడిపేవాళ్లకు రాతపూర్వకంగా ఇవ్వాలి, దావా వేయాలంటే అది ముందు షరతు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్తే ఇంగ్లిష్‌లో ఉన్న బోర్డు మీరు చదివి తెలుగులో చెప్పండి. మోకాళ్ల ఆపరేషన్ అయినవాళ్లు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు పిల్లల సంతోషం కోసం ఏమీ అనకుండా ఎక్కేస్తారు.

స్కూల్ పిక్నిక్‌కి పంపుతున్నాం. ఏం అడగాలి?

ఎంతమంది పిల్లలకు ఒక టీచర్? నీళ్ల దగ్గర ఎవరుంటారు? మీ పిల్లవాడి ఆస్తమా, మూర్ఛ సంగతి రాసి ఇచ్చారా? ఎక్కనని చెప్పిన పిల్లల్ని వదిలేస్తారా? ఈ నాలుగూ అడిగి, జవాబు విన్నాకే సంతకం పెట్టండి.

ఆపరేటర్‌తో ఎలా ఉండాలి?

ఇది నన్ను ఎవరూ అడగలేదు, నేనే చెప్తున్నాను. అతను పొద్దుటి నుంచి అవే మాటలు వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. పండగ రోజున తినడానికి పది నిమిషాలు కూడా దొరకవు. అతను మీ లాక్ లాగి చూస్తున్నప్పుడు ఫోన్ చూడకుండా అతని వంక చూడండి. అతని చెయ్యి తగలకుండా వెళ్లిపోతే "అన్నా, నాది చూడలేదు" అని పిలవండి. మేం ఆ పిలుపును తప్పుగా తీసుకునేవాళ్లం కాదు. ఒక్కోసారి ముప్పై రెండు సీట్లలో ఒకటి నిజంగానే వదిలేసి ఉండేవాళ్లం.

రైడ్ తిరుగుతున్నప్పుడు కింద నుంచి "ఇంకా స్పీడు, ఇంకా స్పీడు" అని అరిచే గుంపు ప్రతి ఎగ్జిబిషన్‌లోనూ ఉంటుంది. అక్కడ కొత్తగా చేరిన కుర్రాడి చెయ్యి లివర్ మీద ఉంటుంది, ఈల వేస్తే పెంచుతాడు. అది మీ పిల్లలు లేని రౌండ్ అయినా సరే, అరవకండి.